హదస్సా అనే ఎస్తేరు: తెలుగు నేల మీద పూరీము

ఫాల్గుణ పున్నమి వచ్చే వేళకు కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో చాలా ఇళ్లకు తాళాలు వేసి ఉంటాయి. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, ఆదోని పల్లెల నుంచి కూలి కుటుంబాలు సుగ్గికని గుంటూరు వైపు మిరప కోతలకు పోయి ఉంటాయి. ఊళ్లో మిగిలినవాళ్లు కాముని పున్నమి చేసుకుంటారు. ఆదోని మండలం సంతెకుడ్లూరులో ఆ పండుగ తీరే వేరు. హోలీకి రెండు రోజుల పాటు అక్కడి మగవాళ్లు చీర కట్టి, రవిక తొడిగి, నగలు పెట్టి, తలలో పూలు తురుముకుని, నైవేద్యం పట్టుకుని రతీమన్మథుల గుడికి నడుస్తారు. సరిగ్గా ఆ పున్నమి రోజుల్లోనే, దాదాపు ప్రతి ఏడూ, ప్రపంచంలోని యూదులు పూరీము జరుపుకుంటారు. అక్కడా వేషాలు ఉంటాయి, మగవాళ్లు ఆడవాళ్ల బట్టలు కట్టడమూ ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, మనుషులు ఎక్కడైనా ఒకటేనని తేల్చేయడం తేలిక. నేను చెప్పదలచింది అంతకంటే గట్టి మాట. పూరీములో వేషం పైపొర మాత్రమే. భయంతో దాచుకున్న పేరును బయటపెట్టడంలోనూ, అలా బయటపడినవాళ్లు తమకంటే పేదవాళ్లకు పడే బాకీలోనూ దాని ప్రాణం ఉంది. పేరు దాచుకుని బతకడం తెలుగు దళితులకు తరాలుగా తెలిసిన బాధ. కాబట్టి గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు యూదు పండుగలను తమవిగా చేసుకున్నాయంటే, దాన్ని అరువు సంబరమని తీసిపారేయడానికి వీల్లేదు.

ముందు తిథుల సంగతి. యూదులదీ మనలాగే చాంద్రమానం. నెలలు చంద్రుడితో నడుస్తాయి, ఏడాది సూర్యుడికి దూరం జరగకుండా అప్పుడప్పుడు ఒక అధిక మాసం వేస్తారు. పందొమ్మిదేళ్లలో ఏడుసార్లు అదారు నెల రెండుసార్లు వస్తుంది. పూరీము రెండో అదారులో చేస్తారు. మనకు ఉగాదికి ముందు నెల ఫాల్గుణం, వాళ్లకు పస్కా వచ్చే నీసాను ముందు నెల అదారు. పూరీము అదారు 14న, అంటే పున్నమి ముంగిట. 2025లో పూరీమూ హోలీ రెండూ మార్చి 14నే వచ్చాయి. 2024లో ఒక్క రోజు తేడా. అధిక మాసాల లెక్క కుదరని ఏడు మాత్రం నెల ఎడం పడుతుంది: 2021లో పూరీము ఫిబ్రవరి 26న వస్తే హోలీ మార్చి చివర వచ్చింది. ఈ సామీప్యాన్ని మన దేశంలోని యూదులే ఎప్పుడో గుర్తించారు. కొంకణ తీరంలో నూనె గానుగలు ఆడించి బతికిన మరాఠీ యూదులు, బెనె ఇజ్రాయెల్ వాళ్లు, పూరీమును హోళీచా సణ్ అనే పిలిచేవారు. పందొమ్మిదో శతాబ్దం చివర తమ సమాజ చరిత్ర రాసిన హయీమ్ సామ్యూల్ కేహిమ్‌కర్ ఈ పేరును నమోదు చేశాడు. చుట్టూ ఉన్న ఊరు హోలీ ఆడుతున్న రోజుల్లో తమ పండుగను ఆ పేరుతోనే చెప్పుకుని, తమ పద్ధతిలోనే చేసుకున్నారు. పొరుగువాడి పండుగ పేరు వాడినంత మాత్రాన వాళ్ల యూదత్వం తగ్గలేదు.

ఇక వేషాల సంగతి చూస్తే, పూరీముకు ఆధారమైన ఎస్తేరు గ్రంథంలో పండుగకు మారువేషం వేయమన్న మాట ఎక్కడా లేదు. విందు చేసుకోండి, ఒకరికొకరు వంటకాలు పంపుకోండి, పేదలకు ఇవ్వండి అని మాత్రమే ఉంది. వేషాల ఆచారం మధ్యయుగాల చివర ఇటలీలో కనిపిస్తుంది. పొరుగున క్రైస్తవులు చేసే కార్నివాల్ ప్రభావం అందులో ఉందన్నది చరిత్రకారులు ఎక్కువగా చెప్పే మాట. 1500 ప్రాంతంలో పడువా నగరంలో ఉన్న రబ్బీ యెహూదా మింట్జ్ ముందుకు ఈ ప్రశ్న వచ్చింది. పురుషుడు స్త్రీ వేషం వేయరాదని ద్వితీయోపదేశకాండం స్పష్టంగా నిషేధించింది కదా, మరి పూరీము నాడు వేస్తున్నారేమిటి? సంతోషం కోసం వేసేది కాబట్టి తప్పు లేదని ఆయన తీర్పు చెప్పాడు. తర్వాత క్రాకో పండితుడు మోషె ఇస్సెర్లెస్ ఆ తీర్పును ధర్మశాస్త్ర వ్యాఖ్యలోకి ఎక్కించాడు. అంటే వేషం పండుగకు తర్వాత కలిసిన సొమ్ము. సంతెకుడ్లూరులో లెక్క వేరు. అక్కడ చీర కట్టడం మొక్కు. పంట పండాలని, పెళ్లి కుదరాలని, ఉద్యోగం రావాలని, పిల్లలు పుట్టాలని మొక్కుకున్నవాళ్లు కోరిక తీరాక ఆ బాకీ చెల్లించడానికి కడతారు. ఇంటి ఆడవాళ్లే దగ్గరుండి కుచ్చిళ్లు సర్ది, బొట్టు పెట్టి, గాజులు తొడిగి పంపుతారు. చదువుకున్నవాళ్లూ ఉద్యోగస్తులూ వేషం కట్టి వరసలో నడుస్తారు. శివుడి కంటి మంటకు మన్మథుడు బూడిదైతే ఏడ్చి బతిమాలుకున్నది రతి. ఆ గుడికి పోయే మగవాడు ఒక ఆడదాని దుఃఖానికి దగ్గరగా నిలబడతాడు. పడువాలో వేషం ఉల్లాసం, సంతెకుడ్లూరులో వేషం మొక్కుబడి. పైకి ఒకేలా కనిపించేవి లోపల ఇంత వేరుగా ఉన్నప్పుడు, పూరీమును వేషాలను బట్టి అర్థం చేసుకోబోతే దారి తప్పుతాం.

అసలు కథలోకి వెళ్దాం. పారసీక రాజు అహష్వేరోషు రాజ్యం హిందూదేశం నుంచి కూషు దేశం దాకా 127 సంస్థానాలని గ్రంథం మొదటి వాక్యమే చెబుతుంది. ఈ రాజును పండితులు సాధారణంగా క్రీస్తుపూర్వం 486 నుంచి 465 దాకా ఏలిన క్షయార్షగా గుర్తిస్తారు. షూషను కోటలో తల్లీతండ్రీ లేని ఒక యూదు పిల్ల ఉంది. ఆమెకు రెండు పేర్లు. ఇంట్లో పిలిచే పేరనుకోదగ్గది హదస్సా, లోకానికి తెలిసింది ఎస్తేరు. రాజు అంతఃపురానికి ఆమెను తీసుకుపోయినప్పుడు, పెంచిన మొర్దెకై ఒక్క మాట చెప్పి పంపాడు: నీ జనం ఎవరో, నీ వంశం ఏదో చెప్పవద్దు. ఆమె రాణి అయింది, చెప్పలేదు. మంత్రి హామాను, తనకు మొర్దెకై వంగి దండం పెట్టలేదన్న కోపంతో యూదులందర్నీ చంపించడానికి చీట్లు వేసి రోజు నిర్ణయించి, రాజముద్రతో తాకీదులు పంపాడు. అప్పుడు ఎస్తేరు మూడు రోజులు ఉపవాసం ఉండి, పిలవకుండా రాజు ఎదుటికి పోతే ప్రాణం పోవచ్చని తెలిసీ పోయి, విందులో తన జనం పేరు చెప్పింది. కథ మొత్తం ఆ ఒక్క క్షణం మీద తిరుగుతుంది. ఈ గ్రంథం హీబ్రూ పాఠంలో దేవుడి పేరు ఒక్కసారి కూడా రాదు. ఆకాశం నుంచి వాక్కు రాదు, సముద్రం చీలదు. ఒక స్త్రీ తానెవరో చెబుతుంది, అంతే.

తానెవరో చెప్పకుండా బతకడం తెలుగు పల్లెలో, పట్నంలో ఎవరికి తెలియదు? అద్దె ఇంటికి పోతే ఇంటిపేరు అడిగే నేల ఇది. ఇక్కడ రెండు పేర్లకు ఒక చరిత్ర ఉంది. 1876–78 నాటి మహా కరువు కర్నూలు జిల్లానూ, అప్పటికి బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని తాలూకానూ ఘోరంగా దెబ్బతీసింది. కోసిగి ఆ తాలూకాలోదే, 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాకే ఆదోని కర్నూలులో కలిసింది. అదే కరువులో ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో ఒక భాగం కంట్రాక్టు తీసుకుని, మాదిగ కూలీలకు పని చూపించాడు. కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకుండా కరువు సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. అంతకు పుష్కరం ముందే తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ పెద్ద యెర్రగుంట్ల పేరయ్య ఊరూరా తిరిగి ఆ దారి వేశాడు. అలా గుడిసెల్లోకి బైబిలు వచ్చింది, దానితో ఎస్తేరూ మొర్దెకై కథా వచ్చాయి. స్వతంత్రం వచ్చాక 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ విస్తరించారు తప్ప క్రైస్తవులకు ఇవ్వలేదు. దాంతో ఎన్నో ఇళ్లలో చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్టులో ఒక పేరు అయ్యాయి. బడిలో వేంకటేశ్వర్లు, ఆదివారం యోహాను. ఆ రెండు పేర్ల మధ్య నలిగిన మనిషికి హదస్సా అనే ఎస్తేరు ఎవరో వ్యాఖ్యాత వచ్చి చెప్పనక్కర్లేదు.

కొత్తరెడ్డిపాలెం కథ ఈ నేపథ్యంలోనే చూడాలి. క్రైస్తవ బోధకుడిగా పని చేసిన షమ్ముయేల్ యాకోబి 1980ల మొదట్లో యెరూషలేము చూసి వచ్చాడు. ఆయనా, తమ్ముడు సాదోకు యాకోబీ కలిసి ఆ దశకం చివరికి చిన్న బృందంతో యూదు ఆచారాలు మొదలుపెట్టారు. 1990ల మొదట్లో ఊళ్లో ప్రార్థనా మందిరం వెలిసింది. తాము ఇశ్రాయేలు పది గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతి అన్నది వాళ్ల విశ్వాసం. బెనె ఎఫ్రాయిము అన్న పేరు అందుకే. మాదిగల్లో శవాన్ని పూడ్చడం, గొడ్డు మాంసం తినడం వంటి అలవాట్లను షమ్ముయేల్ తన వాదానికి ఆనవాళ్లుగా చూపించాడు. ఊరి పెద్దలు ఏ అలవాట్లను చూపి వెలివేశారో, వాటినే ప్రాచీన వంశ గౌరవానికి గుర్తులుగా తిప్పి చదివాడన్నమాట. ఈ సమాజం మధ్య ఉండి పరిశోధన చేసిన యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా ఒక పుస్తకం తెచ్చారు. కులాన్ని ఎదుర్కొనే ప్రయత్నాన్నీ మత విశ్వాసాన్నీ ఇక్కడ విడదీసి చూడలేమని అది చదివితే తెలుస్తుంది. శబ్బాతు, పస్కా, పూరీము ఉన్న క్యాలెండరును ఈ కుటుంబాలు తమదిగా చేసుకున్నాయి. వీళ్లలో చాలామంది పొలం కూలీలే. శనివారం పని మానితే ఆ రోజు కూలి పోతుంది. శబ్బాతు పేదవాడికి ఎంత బరువో ఇక్కడ తెలుస్తుంది.

దీనికి మొదటి అభ్యంతరం వంశం. ఎఫ్రాయిము సంతతి అనడానికి శాసనం లేదు, వంశవృక్షం లేదు, ఇజ్రాయెల్ ప్రభుత్వమూ వీళ్లను యూదులుగా గుర్తించలేదు; కాబట్టి పండుగ వీళ్లది ఎలా అవుతుందని అడుగుతారు. వంశం సంగతిలో ఆధారం బలహీనమని నేనూ ఒప్పుకుంటాను. కానీ పూరీము హక్కు వంశం మీద నిలబడలేదు. ఎస్తేరు గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో ఈ పండుగను యూదులు తమ మీదా, తమ సంతతి మీదా, తమతో కలిసేవారందరి మీదా విధిగా స్వీకరించారని ఉంది. తోరాలో, అంటే మోషే ధర్మశాస్త్రంలో, ఆజ్ఞగా వచ్చిన పండుగలు వేరు. పూరీము మొర్దెకై రాసి పంపిన ఉత్తరంతో, జనం ఒప్పుకోలుతో పుట్టింది. కలిసేవారిని ఆ ఒప్పుకోలులోనే లెక్కలో వేశారు. అంతెందుకు, చరిత్ర ఆధారమే కొలత అయితే ఎస్తేరు కథకే చిక్కు వస్తుంది: పారసీక రికార్డుల్లో ఆ రాణి కనబడదు, మృతసముద్రపు చుట్టల్లో హీబ్రూ బైబిలు గ్రంథాలన్నిటి తునకలూ దొరికినా ఎస్తేరు ఒక్కటే దొరకలేదు. అయినా రెండో మక్కబీయుల గ్రంథం మొర్దెకై దినాన్ని అప్పటికే అందరికీ తెలిసిన పండుగగా చెబుతుంది. ఇరవై శతాబ్దాలకు పైగా జనం చేసుకుంటూ రావడమే ఆ పండుగను నిజం చేసింది. సంతెకుడ్లూరు మొక్కుకూ అదే బలం. ఎవరు మొదలుపెట్టారో రాసిన కాగితం లేదు, ఏటా చీర కట్టే మనిషి ఉన్నాడు.

రెండో అభ్యంతరం ఉద్దేశం. విదేశానికి పోవడానికో, కులం మచ్చ తుడుచుకోవడానికో ఇదంతా అంటారు. ఈ మాట అనేవాళ్లు నష్టం లెక్క కూడా వేయాలి. 1950 ఉత్తర్వు ప్రకారం యూదుణ్నని ప్రకటించుకున్న మాదిగకు షెడ్యూల్డు కులం హోదా నిలవదు. ఇజ్రాయెల్ తలుపు తెరవలేదు. అటు చర్చి బంధువులూ దూరమవుతారు. లాభం కోసం వేసిన ఎత్తు అయితే ఇది బొత్తిగా తెలివితక్కువ ఎత్తు. కోరికలు కలగలిసి ఉన్నాయన్నది నిజమే అనుకుందాం. ఎస్తేరు గ్రంథమే ఆ సంగతిని దాచలేదు: ఎనిమిదో అధ్యాయం చివర, భయం వల్ల దేశ జనుల్లో చాలామంది యూదులయ్యారని రాసి ఉంది. మనుషులు భయంతో, ఆశతో, ఆకలితో, ప్రేమతో మతాల్లోకి వస్తారు. గుండ్లకమ్మ ఒడ్డునా అంతే, షూషనులోనూ అంతే. వచ్చాక ఏం మోశారన్నదే తర్వాతి తరాలు చూసేది. తన కులాన్ని గౌరవంగా చెప్పుకునే కొత్త పేరు కోసం ఒక మనిషి వెతికితే, ఆ వెతుకులాటలో నాకు తప్పు కనబడదు. ఆ పేరు దాచుకునేట్టు చేసిన ఊరిలోనే తప్పు ఉంది.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైంది. కథ చివర యూదులు తమ మీదికి వచ్చినవాళ్లను చంపారని, రాజ్యమంతటా 75,000 మంది చనిపోయారని గ్రంథం చెబుతుంది. అలాంటి కథకు విందు చేసుకోవచ్చా? ఇది పుస్తకాల్లో మిగిలిన ప్రశ్న కాదు. 1994 ఫిబ్రవరి 25న, పూరీము నాడే, హెబ్రోను మసీదులో నమాజు చేస్తున్న 29 మంది పాలస్తీనీయులను బారూఖ్ గోల్డ్‌స్టైన్ అనే యూదుడు కాల్చి చంపాడు. ఈ పండుగను సమర్థించే ఎవరూ ఆ రోజును పక్కన పెట్టి మాట్లాడకూడదు. నా జవాబు గ్రంథం నుంచే వస్తుంది. చంపినచోట దోపుడు సొమ్ము ముట్టలేదని గ్రంథం మూడుసార్లు నొక్కి చెబుతుంది. పండుగ రోజుగా నిలిపింది యుద్ధం జరిగిన రోజును కాదు, ఆ మర్నాడు శత్రువుల బాధ తప్పి ఊపిరి పీల్చుకున్న రోజును. విధిగా పెట్టింది కత్తిని కాదు, వంటకాన్నీ దానాన్నీ. పండుగ నాటి ఎస్తేరు పఠనంలో హామాను పేరు వినబడినప్పుడు గిలకలు తిప్పి, కాళ్లు నేలకు కొట్టి ఆ పేరు వినబడకుండా చేయడంతోనే శత్రువు మీది కోపం ఆగిపోవాలి. అక్కడ ఆగని చేయి ఆ పండుగను మోసం చేసినట్టే.

మరి ఒక్క రోజు తలకిందులైతే ఏం మారుతుందని అడిగేవాళ్లుంటారు. చీర విప్పాక మగవాడు మగవాడే, పండుగ మర్నాడు కూలివాడు కూలివాడే. యూదు పండితుల చర్చల సంకలనమైన తల్మూదులో దీనికి తగిన చర్చ ఒకటి ఉంది. ఇతర పండుగల్లో పాడే స్తుతి కీర్తనలను పూరీములో ఎందుకు పాడరని అడిగితే, రావా అనే పండితుడు ఇలా చెప్పాడు: ఐగుప్తు నుంచి విడుదలైనప్పుడు ఫరోకు దాసులం కాము అని పాడగలిగాం, ఇక్కడ మనం ఇంకా అహష్వేరోషు దాసులమే. చావు తప్పింది, దాస్యం తప్పలేదు. అయినా పండుగ చేయాలి. ఈ పండుగలోని సంతోషం నాకు అందుకే నమ్మదగ్గదిగా కనిపిస్తుంది. అంతా బాగుపడింది కాబట్టి సంబరం అని అది అబద్ధం చెప్పదు. పూర్తి విడుదల రానివాళ్లు కూడా తమ పేరు చెప్పుకుని, కడుపునిండా తిని, గొంతెత్తి నవ్వే హక్కు ఉన్నవాళ్లేనని అంటుంది. కూలి బతుకు మారలేదు కాబట్టి పండుగ దండగ అనే మాట, పేదవాడి సంతోషాన్ని కూడా వాయిదా వేయమంటుంది.

పేదవాడి సౌకర్యం చూసిన పండుగ ఇది. మూల విధిలో శబ్బాతులా పని నిషేధం లేదు. విందు స్వీకరించారు, పని మానడాన్ని స్వీకరించలేదని తల్మూదు చెబుతుంది. పాతకాలంలో పల్లెవాళ్లు 14వ తేదీ దాకా ఆగకుండా, సోమవారమో గురువారమో పట్నానికి కూడివచ్చే రోజుకు ఎస్తేరు పఠనాన్ని ముందుకు జరుపుకోవచ్చని తల్మూదుకు మూలపాఠమైన మిష్నా వెసులుబాటు ఇచ్చింది. వారానికోసారి సంతకు పోయే పల్లెకు ఆ వెసులుబాటు విలువ తెలుస్తుంది. అయితే ఇవ్వడంలో మాత్రం సడలింపు లేదు. ఒక స్నేహితుడికి కనీసం రెండు రకాల తినుబండారాలు, ఇద్దరు పేదలకు చెరొక దానం ప్రతివాడూ ఇవ్వాలి. దానం మీద బతికేవాడికీ ఇది తప్పదు. తల్మూదులో ఇద్దరు పేద పండితులు తమ అన్నాన్ని ఒకరికొకరు మార్చుకుని వంటకాలు పంపే విధి తీర్చారు. ఇద్దరి దగ్గరా ఉన్నది ఒక్క పూట తిండి, అయినా ఇద్దరూ ఇచ్చినవాళ్లయ్యారు. పూరీము నాడు చేయి చాచినవాడి అర్హత విచారించకుండా ఇవ్వాలన్నది మరో నియమం. విందుకూ వంటకాలకూ పెట్టే ఖర్చు కంటే పేదలకు ఇచ్చేదే ఎక్కువ ఉండాలని పన్నెండో శతాబ్దపు పండితుడు మైమోనిదీసు రాశాడు.

ఆ నియమమే ఈ పండుగకు నేను ఒప్పుకునే కొలత. ఫాల్గుణ పున్నమికి గుంటూరు మిరప చేలలో కోసిగి మనుషులు ఉంటారు. కాముని పున్నమికి ఇంట్లో ఓళిగలు తినాల్సినవాళ్లు, పిల్లల బడి మాన్పించి గట్ల మీద పట్టాలు కప్పుకుని ఘాటుకు దగ్గుతూ కాయ కోస్తుంటారు. వాళ్ల కులం, వాళ్ల ఊరు, వాళ్ల దేవుడు అడగకుండా ఎవరి పండుగ వాళ్ల ముందు విస్తరి వేస్తుందో ఆ పండుగకు ఈ నేల మీద హక్కు ఉంది. అది కాముని పున్నమి అయినా అంతే, ఈస్టరు అయినా అంతే, పూరీము అయినా అంతే. పూరీము ఆ కొలతను ఎవరూ అడగకముందే తన విధుల్లో రాసిపెట్టుకుంది. దాన్ని మోసే కుటుంబం ఎఫ్రాయిము రక్తమా కాదా అన్న వాదన ఎన్నటికీ తేలకపోవచ్చు. పేరు దాచకుండా నిలబడి, చాచిన చేతిలో పెట్టిన మనిషి ఆ పండుగను సంపాదించుకున్నట్టే.